పేరొకటే... గుణాలు వేరు! బూజులకు లైబ్రరీ కట్టిన జొహానా

యూనివర్సిటీలో సీటు ఇచ్చారు. క్లాసులకు రమ్మన్నారు. ల్యాబ్‌లో పనిచేసుకోమన్నారు. కానీ చదువు పూర్తయ్యాక డిగ్రీ మాత్రం ఇవ్వడం కుదరదన్నారు! 1900లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన ఓ 17 ఏళ్ల అమ్మాయి పరిస్థితి ఇది. మార్కులు తక్కువై కాదు. ఆమె చదివిన స్కూల్లో లాటిన్, గ్రీకు భాషలు లేవు. ఆ రెండూ చదవనివాళ్లకు యూనివర్సిటీ పట్టా ఇవ్వకూడదన్నది అప్పట్లో నెదర్లాండ్స్‌లో ఉన్న నిబంధన.

సరిగ్గా 17 ఏళ్ల తర్వాత ఆ అమ్మాయే దేశంలో తొలి మహిళా ప్రొఫెసర్ అయ్యారు. సైన్స్, మెడిసిన్ విద్యార్థులకు ఆ భాషల నిబంధనను తొలగిస్తూ చట్టం వచ్చిందీ ఆ 1917లోనే!

ఆమె పేరు జొహానా వెస్టర్‌డైక్. కొత్త సిద్ధాంతమేదీ ఆమె పేరు మీద లేదు. నోబెల్ బహుమతీ లేదు. ఆమె జీవితమంతా చేసింది ఒక్కటే... ప్రపంచం నలుమూలల నుంచి బూజులను, అంటే శిలీంధ్రాలను తెప్పించి, దేనికదే విడిగా ప్రాణంతో కాపాడటం. చెప్పుకోవడానికి ఇదేం ఉద్యోగం అనిపిస్తుంది కదూ! కానీ మనం తినే పల్లీల్లో, మొక్కజొన్నలో, ఎండుమిర్చిలో విషం చేరుతోందా లేదా, చేరితే ఏ బూజు వల్ల అని ఈరోజు తేల్చగలుగుతున్నామంటే దాని వెనక ఇలాంటి పనే ఉంది.

పియానో పోయింది... మొక్క దొరికింది

జొహానా 1883 జనవరి 4న ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న నీవర్ ఆమ్‌స్టెల్‌లో పుట్టారు. తండ్రి డాక్టర్. ఆమె మాత్రం పియానో కళాకారిణి కావాలని కలలు కన్నారు. చేతి నరాల జబ్బు ఆ కలకు అడ్డుపడింది. గంటల తరబడి సాధన చేయడం ఇక కుదరదని తేలాక వృక్షశాస్త్రం వైపు వచ్చారు.

ఆమె చేరిన చోటు మామూలుది కాదు. పాఠం చెప్పేది హ్యూగో డి వ్రీస్. బఠానీ మొక్కలపై మెండెల్ చేసిన ప్రయోగాలను 35 ఏళ్లపాటు ఎవరూ పట్టించుకోలేదు. 1900లో వాటి విలువను మళ్లీ వెలుగులోకి తెచ్చినవారిలో డి వ్రీస్ ఒకరు. ఒకే జాతిలో ఒకదానికొకటి పోలికలేని గుణాలు ఎలా వస్తాయన్నదే ఆయన పరిశోధన. జన్యుశాస్త్రం అప్పుడే కళ్లు తెరుస్తున్న చోట జొహానా చదువు మొదలైందన్నమాట.

1904లో ఆమెకు టీచర్‌గా పనిచేసే అర్హత పత్రం వచ్చింది. అక్కడితో ఆగిపోతే ఓ హైస్కూల్లో సైన్స్ టీచర్ అయ్యుండేవారు. డాక్టరేట్ చేయాలంటే సొంత దేశంలో దారి లేదు. దాంతో సరిహద్దు దాటారు. జర్మనీలోని మ్యూనిక్‌లో నాచు మొక్కలపై పనిచేశారు. తర్వాత స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి వెళ్లి 1906లో డాక్టరేట్ పూర్తిచేశారు. ఆ నాచులను ముక్కలు చేస్తే తిరిగి ఎలా పెరుగుతాయన్నది ఆమె థీసిస్. బూజుల గురించి అందులో ఏమీ లేదు.

23 ఏళ్లకే డైరెక్టర్

ఆమ్‌స్టర్‌డామ్‌లో విల్లీ కొమెలిన్ స్కోల్టెన్ ల్యాబొరేటరీ అని ఒకటుండేది. మొక్కల జబ్బులంటే ఆసక్తి ఉన్న ఓ యువకుడు చిన్న వయసులోనే చనిపోతే, అతని జ్ఞాపకార్థం తల్లిదండ్రులు 1894లో దాన్ని పెట్టారు. అక్కడి డైరెక్టర్ వేరే ఊరు వెళ్లిపోవడంతో కుర్చీ ఖాళీ అయింది. 1906లో ఆ కుర్చీలోకి 23 ఏళ్ల జొహానా వచ్చారు.

మొక్కల జబ్బులు ఆమె సబ్జెక్టు కాదు. నాచుల మీద పీహెచ్‌డీ చేసిన వ్యక్తి రైతుల పంటలకు వచ్చే తెగుళ్లను చూడాలి. ఆమె పని చేస్తూనే నేర్చుకున్నారు. పొలాల నుంచి వచ్చే తెగులు నమూనాల్లో చాలావాటికి కారణం బూజే అని కొద్ది రోజుల్లోనే అర్థమైపోయింది.

మరుసటి ఏడాదే, 1907లో, ఇంకో బాధ్యత వచ్చిపడింది. అంతర్జాతీయ వృక్షశాస్త్రవేత్తల సంఘం 1904లో శిలీంధ్రాల కోసం ఒక కేంద్ర భాండాగారాన్ని మొదలుపెట్టింది. దాన్ని చూసుకోమని జొహానాకు అప్పగించారు. భాండాగారమంటే పెద్ద భవనం ఊహించుకోకండి. చేతికి వచ్చినవి వందకు కూడా చేరని కల్చర్లు మాత్రమే. గాజు గొట్టాల్లో పెరుగుతున్న బూజులు, అంతే.

ఆ బాధ్యతను ఆమె అర్ధ శతాబ్దం పాటు మోశారు.

ఎండబెట్టి దాస్తే చాలదా?

అప్పటిదాకా శాస్త్రవేత్తలు శిలీంధ్రాలను ఎలా దాచేవారు? ఎక్కువగా ఎండబెట్టి, కాగితం మడతల్లో పెట్టి, పేరు రాసి బీరువాలో పెట్టేవారు. లేదా చూసింది బొమ్మ గీసేవారు. రూపాన్ని గుర్తుపట్టడానికి అది పనికొస్తుంది. కానీ ఎండిపోయిన బూజు ఏ పంటను చెడగొడుతుందో, ఏ రసాయనం తయారుచేస్తుందో, దాని పక్కనున్న బూజుకు దీనికి తేడా ఏమిటో ఏం చెబుతుంది?

మన మామిడినే తీసుకోండి. చెట్టు పేరు ఒకటే. కానీ బంగినపల్లి, రసం, తోతాపురి ఒకటేనా? కోసి తింటే తెలిసిపోతుంది. బూజుల్లోనూ అంతే. ఒకే జాతి పేరు కింద వందల స్ట్రెయిన్లు ఉంటాయి. చిక్కేమిటంటే వీటిని చూసి తేడా చెప్పలేం. పక్కపక్కనే పెరిగే రెండు పసుపుపచ్చ బూజుల్లో ఒకటి కాలేయాన్ని దెబ్బతీసే విషం తయారుచేయొచ్చు. రెండోది అసలేమీ చేయకపోవచ్చు. తేడా జన్యువుల్లో ఉంటుంది. అది బయటపడాలంటే బూజు బతికి ఉండాలి, పెరగాలి, పని చేయాలి.

అందుకే జొహానా పట్టుదల ప్రాణమున్న కల్చర్ల మీద. ఎవరైనా శాస్త్రవేత్త కొత్త శిలీంధ్రం గురించి వ్యాసం రాస్తే, దాని కల్చర్‌ను తమకు పంపమని అడిగేవారు. జమచేయడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఏమేమున్నాయో జాబితా అచ్చువేసేవారు. ఎక్కడో మరో దేశంలో పరిశోధకుడికి అదే స్ట్రెయిన్ కావాలంటే పోస్టులో పంపేవారు. ఇద్దరూ ఒకే బూజు గురించే మాట్లాడుతున్నారన్న నమ్మకం అలా కుదిరింది.

వినడానికి తేలికే. చేయడం మాత్రం కష్టం. గాజు గొట్టంలో అగర్ పోసి, ఏటవాలుగా గడ్డకట్టించి, దాని మీద బూజును పెంచుతారు. ఆహారం అయిపోగానే అది చచ్చిపోతుంది. కాబట్టి కొద్ది నెలలకోసారి ప్రతి గొట్టం నుంచి చిటికెడు తీసి కొత్త గొట్టంలోకి మార్చాలి. ఒకదాని బీజాలు ఇంకోదాంట్లో పడకూడదు. లేబుల్ మారకూడదు. కలెక్షన్ వేలల్లోకి పెరిగాక ఈ పనికి ఏడాదంతా విరామం ఉండదు.

ఇంకో సమస్య ఉంది. ఏళ్ల తరబడి ఒకే మేత వేస్తే బూజులు డీలా పడతాయి. స్పోర్లు వేయడం మానేస్తాయి. కొన్ని విషం తయారుచేసే గుణాన్నే పోగొట్టుకుంటాయి. అంటే గొట్టం మీద పేరు అలాగే ఉంటుంది, లోపలున్నది మాత్రం పాత బూజు కాదు. దీన్ని తప్పించడానికి మేతను మారుస్తూ ఉండేవారు. ఓట్స్ గంజి, చెర్రీ కషాయం, బంగాళాదుంప, క్యారెట్ రసం, కొన్నిటికి మొక్కల కాడలు... ఏ బూజుకు ఏది పడుతుందో కనిపెట్టి చూసుకోవాలి. ఇదంతా ఏ వ్యాసంలోనూ కనిపించని శ్రమ.

యుద్ధం మళ్లించిన దారి

1913లో ఆమె డచ్ ఈస్టిండీస్‌కు బయల్దేరారు. అదే ఇప్పటి ఇండోనేసియా. చల్లటి యూరప్‌లో కనిపించని తెగుళ్లు ఆ వేడి, తేమ నేలల్లో పంటలను పీడిస్తున్నాయి. వాటిని చూసి, నమూనాలు సేకరించారు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. వచ్చిన దారిన తిరిగి వెళ్లడం కుదరక జపాన్, అమెరికాల మీదుగా ఇంటికి చేరారు. దారిలో అక్కడి ల్యాబ్‌లు చూశారు, పరిశోధకులను కలిశారు. తర్వాతి కాలంలో ఇచ్చిపుచ్చుకోవడాలకు ఆ పరిచయాలు పనికొచ్చాయి.

1917 ఫిబ్రవరిలో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా తొలి ఉపన్యాసం ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 34. 1930లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం కూడా ఆమెను ప్రొఫెసర్‌ను చేసింది. పట్టా ఇవ్వడం కుదరదన్న యూనివర్సిటీ అదే.

1920ల మొదట్లో ల్యాబ్, కలెక్షన్ రెండూ బార్న్ అనే చిన్న ఊళ్లోని ఓ పెద్ద బంగళాలోకి మారాయి. అక్కడ ఆమె నడిపిన తీరు వేరు. పనిలో రాజీ ఉండేది కాదు. అలాగని ముఖాలు మాడ్చుకుని కూర్చోవడమూ ఆమెకు నచ్చేది కాదు. ఎవరి థీసిస్ పూర్తయినా పాటలు, నాటకాలు, డ్యాన్సులతో పండగ చేసేవారు. మొత్తం 56 మంది ఆమె దగ్గర డాక్టరేట్ చేశారు. వాళ్లలో దాదాపు సగం మంది మహిళలే. ఆ కాలంలో యూరప్‌లో ఏ సైన్స్ ల్యాబ్‌లోనూ ఇలాంటి లెక్క కనిపించడం అరుదు.

చెట్లను చంపిందెవరు?

ఆ విద్యార్థినుల సత్తా ఏమిటో ఒక్క ఉదాహరణ చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి నెదర్లాండ్స్ వీధుల్లో ఎల్మ్ చెట్లు నిలువునా ఎండిపోవడం మొదలైంది. కరవు వల్లనని కొందరు, యుద్ధంలో వాడిన విషవాయువుల వల్లనని కొందరు అన్నారు. జొహానా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న బేయా ష్వార్జ్ 1922లో అసలు కారణం ఓ శిలీంధ్రమని చూపించారు. చాలామంది ఒప్పుకోలేదు. తర్వాత అదే ల్యాబ్‌లోని క్రిస్టీన్ బుయిస్‌మన్ ఆరోగ్యంగా ఉన్న చెట్లలోకి ఆ బూజును ఎక్కించి, అదే జబ్బు మళ్లీ రప్పించి నిరూపించారు. తట్టుకునే ఎల్మ్ రకాల కోసం వెతుకులాట అక్కడి నుంచే మొదలైంది.

ఈ కథకు తర్వాత ఓ మలుపు ఉంది. తట్టుకుంటాయని ఎంచి నాటిన చెట్లు కూడా కొన్ని దశాబ్దాల తర్వాత కూలడం మొదలైంది. 1970లలో పరిశోధకులు కల్చర్లను పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది... ఒకే బూజు అనుకున్నదాంట్లో రెండు రకాలున్నాయి, రెండోది చాలా తీవ్రమైనది. ఇప్పుడు దాన్ని వేరే జాతిగానే లెక్కిస్తున్నారు. పేరు చూసి మందు వేస్తే ఏమవుతుందో చెప్పే పాఠం ఇది.

పేరు అదే, పని మాత్రం చేయదు

రెండో ప్రపంచ యుద్ధంలో నెదర్లాండ్స్ జర్మనీ ఆక్రమణలో ఉంది. పెన్సిలిన్ గురించి కబుర్లు బయటికి పొక్కుతున్న రోజులవి. పెన్సిలియం బూజు కావాలని జర్మనీ నుంచి బార్న్‌కు కబురొచ్చింది. కాదనే పరిస్థితి లేదు. అడిగిన పేరున్న బూజునే పంపించారు. కాకపోతే అది పెన్సిలిన్ తయారుచేయని స్ట్రెయిన్ అని ఆ కాలం చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. లేబుల్ నిజమే, జాతి నిజమే. లోపలి గుణమే వేరు!

అదే సమయంలో డెల్ఫ్ట్ నగరంలోని ఈస్ట్ ఫ్యాక్టరీ పరిశోధకులు జర్మన్ల కళ్లుగప్పి సొంతంగా పెన్సిలిన్ కోసం ప్రయత్నించారు. అందుకు వాళ్లు బార్న్ కలెక్షన్ నుంచి తెప్పించుకున్న పెన్సిలియం స్ట్రెయిన్లను ఒక్కొక్కటిగా పరీక్షించి, పనికొచ్చేదాన్ని పట్టుకున్నారు. ఎవరికీ ఎందుకూ పనికిరావనుకున్న గొట్టాలు ప్రాణాలు కాపాడే మందుకు దారి చూపించాయి.

లక్ష టర్కీ కోళ్లు

1952లో జొహానా ప్రొఫెసర్ పదవి నుంచి రిటైరయ్యారు. కలెక్షన్ బాధ్యత మాత్రం 1958 దాకా వదల్లేదు. ఆమె చేతికి వచ్చినప్పుడు వందకు చేరనిది, దిగిపోయేనాటికి సుమారు 10 వేల స్ట్రెయిన్లకు పెరిగింది.

సరిగ్గా అప్పుడే ఇంగ్లండ్‌లో ఓ వింత విపత్తు వచ్చింది. 1960లో కొద్ది నెలల్లోనే లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. ఏ వైరసూ దొరకలేదు, ఏ బ్యాక్టీరియా దొరకలేదు. చివరికి దాణాలో కలిపిన వేరుశనగ చెక్క మీద అనుమానం వచ్చింది. అది బ్రెజిల్ నుంచి దిగుమతి అయినది. దాని మీద పెరిగిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చ బూజే విషం చేసిందని తేలింది. ఆ బూజు పేరులోని అక్షరాలతోనే విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు.

ఈ పరిశోధన సాగుతుండగానే, 1961 నవంబరు 15న, జొహానా కన్నుమూశారు. తన జీవితకాలపు శ్రమ ఆహార భద్రతకు ఎంత అవసరమో లోకానికి పూర్తిగా తెలియకముందే వెళ్లిపోయారు.

ఎందుకంటే అఫ్లాటాక్సిన్ బయటపడగానే తలెత్తిన మొదటి ప్రశ్నే స్ట్రెయిన్ల గురించి. ఫ్లేవస్ పెరిగిన ప్రతి గింజా విషమేనా? కాదు. కొన్ని స్ట్రెయిన్లు బాగా చేస్తాయి, కొన్ని కొద్దిగా చేస్తాయి, కొన్ని అసలు చేయవు. విషం తయారీకి అవసరమైన జన్యువులు దాదాపు పాతిక దాకా ఒకే చోట గుంపుగా ఉంటాయి. ఆ గుంపులో ఏదైనా తెగిపోయినా, చెడిపోయినా తయారీ ఆగిపోతుంది. దీని దగ్గరి బంధువు ఆస్పర్‌జిల్లస్ పారాసిటికస్ మాత్రం దాదాపు ఎప్పుడూ విషం చేస్తుంది. ఇంకో బంధువు ఆస్పర్‌జిల్లస్ ఒరైజేతో జపాన్ వాళ్లు శతాబ్దాలుగా సోయా సాస్, సాకే చేసుకుంటున్నారు. దాని జన్యువులు ఫ్లేవస్‌తో దాదాపు పూర్తిగా కలుస్తాయి. కానీ విషం చేయదు.

2004లో కెన్యాలో మొక్కజొన్న తిని 125 మంది చనిపోయారు. అక్కడి గింజల్లో దొరికిన బూజులను విడదీసి చూస్తే, చిన్నచిన్న గట్టి ఉండలు కట్టే, విషం మోతాదు చాలా ఎక్కువగా ఉండే ఓ ప్రత్యేక వంశం కనిపించింది. ఫ్లేవస్ అని ఒక్క మాటతో సరిపెట్టుకుని ఉంటే ఆ సంగతి తెలిసేదే కాదు.

ముల్లును ముల్లుతోనే తీసినట్టు, ఈ తేడానే ఆయుధంగా వాడుతున్నారు. విషం చేయని ఫ్లేవస్ స్ట్రెయిన్లను గింజలకు పట్టించి పొలంలో చల్లుతారు. అవి ముందే చోటు ఆక్రమించేసి విషపు స్ట్రెయిన్లకు జాగా లేకుండా చేస్తాయి. అమెరికాలో పత్తి, వేరుశనగ, మొక్కజొన్నకు, ఆఫ్రికాలో అఫ్లాసేఫ్ పేరుతో మొక్కజొన్న, వేరుశనగకు ఈ పద్ధతి వాడుకలో ఉంది. ఆఫ్రికా దేశాల్లో ఏ దేశానికి ఆ దేశపు నేలలో దొరికిన స్ట్రెయిన్లనే ఎంచుకుంటారు. వేల నమూనాల్లోంచి అలాంటివాటిని ఏరాలంటే మొదట వాటిని విడివిడిగా పెంచి దాచుకునే పద్ధతి తెలిసుండాలి.

మన పల్లీ, మన మిర్చి

ఇదంతా ఎక్కడో జరిగింది అనుకోవద్దు. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో కామెర్లతో వందకు పైగా మంది చనిపోయారు. అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తినడమే కారణం. అది అఫ్లాటాక్సిన్ పని అని తేల్చింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వేరుశనగలో ఈ విషం మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. తక్కువ ఖర్చుతో పరీక్షించే కిట్లను కూడా తయారుచేసింది.

రాయలసీమ వేరుశనగ రైతుకు ఈ సమస్య బాగా దగ్గరిది. కాయ ఊరే చివరి దశలో వాన మొహం చాటేస్తే భూమి వేడెక్కి, కాయ బలహీనపడి, మట్టిలోని ఫ్లేవస్ లోపలికి చొరబడుతుంది. కోశాక సరిగా ఆరబెట్టకపోతే నిల్వలో ఇంకా పెరుగుతుంది. వేయించినా, వండినా ఆ విషం పూర్తిగా పోదు. నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే యూరప్ దేశాలు తీసుకోవు. కిలోను వంద కోట్ల భాగాలు చేస్తే అందులో 4 భాగాలన్నమాట! ఎండుమిర్చికీ ఇలాంటి పరిమితులున్నాయి. పరీక్షలో దొరికితే ఓడ ఎక్కిన సరుకు వెనక్కి రావాల్సిందే. నష్టం చివరికి చేరేది రైతు దగ్గరికే.

ఉద్యోగం ఎక్కడుంది?

బోటనీ, మైక్రోబయాలజీ, అగ్రికల్చర్ చదివినవాళ్లకు ఈ రంగంలో చాలా దారులున్నాయి. బీఎస్సీ అగ్రికల్చర్ తర్వాత ఐకార్ పీజీ ప్రవేశ పరీక్ష రాసి ప్లాంట్ పాథాలజీలో ఎంఎస్సీ చేయొచ్చు. సైన్స్ డిగ్రీ చేసినవాళ్లు మైక్రోబయాలజీ, బోటనీ, బయోటెక్నాలజీ ఎంఎస్సీలతో ఇటు రావొచ్చు. పరిశోధన వైపు వెళ్లాలంటే సీఎస్ఐఆర్ నెట్, వ్యవసాయ సంస్థలకైతే ఏఎస్ఆర్‌బీ నెట్ ఉన్నాయి.

మన దేశంలోనూ ఇలాంటి బూజుల లైబ్రరీలు ఉన్నాయి. పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థలో, దిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో, చండీగఢ్‌లోని ఇమ్‌టెక్‌లో, ఉత్తరప్రదేశ్‌లోని మవూలో. ఇక ఎగుమతి సరుకును పరీక్షించే ల్యాబ్‌లు వేరు. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. ప్రైవేటు ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లూ ఉన్నాయి. ఎలైజా, హెచ్‌పీఎల్‌సీ, పీసీఆర్ మీద చేయి తిరిగినవాళ్లకు వీటిలో గిరాకీ ఉంటుంది. పీజీలో ఉండగానే ఓ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చేసి, కల్చర్‌ను కలుషితం కాకుండా మార్చడం చేతికి అలవాటు చేసుకోండి. పుస్తకంలో చదివితే వచ్చే పని కాదది.

ఒక మాట మాత్రం ముందే చెప్పుకోవాలి. కల్చర్ కలెక్షన్‌లో పని చప్పట్లు తెచ్చే పని కాదు. మీరు ఈరోజు జాగ్రత్తగా దాచిన స్ట్రెయిన్ ఎవరికి ఎప్పుడు కావాల్సి వస్తుందో మీకు తెలియదు. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పెద్ద ఆవిష్కరణ ఉండకపోవచ్చు. ఓపిక, శుభ్రత, లెక్కలో కచ్చితత్వం... ఇవే అక్కడ అర్హతలు. ఇవి ఉన్నవాళ్లు తక్కువ కాబట్టే అవసరం ఎక్కువ.

జొహానా ప్రొఫెసర్ అయిన వందేళ్లకు, 2017లో, ఆమె పెంచిన భాండాగారానికి వెస్టర్‌డైక్ శిలీంధ్ర జీవవైవిధ్య సంస్థ అని పేరు మార్చారు. ఇప్పుడది ఉట్రెక్ట్‌లో ఉంది. లక్షకు పైగా స్ట్రెయిన్లు ఉన్నాయి. చాలావాటిని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాస్తున్నారు కాబట్టి నెలనెలా గొట్టాలు మార్చే బాధ తగ్గింది. 2019లో ఆ సంస్థ శాస్త్రవేత్తలు డెన్మార్క్ సహచరులతో కలిసి ఫ్లేవస్ బంధువర్గాన్నంతా మళ్లీ పరీక్షకు పెట్టారు. 33 జాతులు లెక్కతేలాయి. వాటిలో 18 అఫ్లాటాక్సిన్ చేస్తాయి, మిగతావి చేయవు. ఆ లెక్క తేల్చడానికి వాళ్లు వాడినవి ఇలా జమచేసి ఉంచిన కల్చర్లే.